నలభై మూడు చీటీలు: పదో తరగతి ఇంగ్లిష్ పేపరు తయారుచేసే పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

మీరెవరో నాకు తెలియదు. తెలియకూడదు కూడా, అది రహస్యం. కానీ ఏటా మీరు రాసిన పేపరు నా పిల్లలు చదువుతారు. ఆ తర్వాత ఎవరో పిల్లలు రాసింది స్పాట్‌లో, అంటే జవాబు పత్రాలు దిద్దే క్యాంపులో, కూర్చుని నేను దిద్దుతాను. అంటే మన మధ్య ఉత్తరాలు చాలా ఏళ్లుగా నడుస్తున్నట్టే లెక్క. ఈసారి నేనే నేరుగా రాస్తున్నాను.

కోనసీమలో లంకలకు దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ మాస్టారిని. సర్వీసు ఇరవై ఏడేళ్లు. మా పిల్లల్లో చాలామంది గోదావరి పాయ దాటి పడవ మీద వస్తారు. నీళ్లు ఎర్రబడి పడవ కట్టేశారంటే ఇక ఆ పూట క్లాసులో సగం బెంచీలు ఖాళీ.

పోయిన జూలైలో అలాంటి ముసురు రోజొకటి వచ్చింది. పాఠం చెప్పినా రానివాళ్లకు మళ్లీ చెప్పాల్సిందే కదా అని తొమ్మిదినీ పదినీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు చింపి తలో చీటీ ఇచ్చాను. బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశాను: నీకు ఇంగ్లిష్ ఎందుకు? తెలుగులోనే రాయండి, పేర్లు వెయ్యొద్దు అన్నాను.

అయిదు నిమిషాల్లో చీటీలన్నీ వచ్చేశాయి. అంత తొందరగా వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. "ఇంగ్లిష్ అంతర్జాతీయ భాష. అది ప్రపంచానికి కిటికీ వంటిది." వరసగా అదే. ఒకడు కిటికీ బదులు తలుపు అని రాశాడు, అంతే తేడా. నవ్వొచ్చింది గానీ వాళ్లనేమని అనను? ఆ కిటికీ వాక్యం వ్యాసంలో పనికొస్తుందని వాళ్లచేత బట్టీ పట్టించింది నేనే.

ఆ చీటీలు పక్కన పడేసి మళ్లీ ఇచ్చాను. "ఇది పరీక్ష కాదురా. ఇంటి దగ్గర మీ బావతోనో అక్కతోనో చెప్పుకున్నట్టు రాయండి. అక్కర్లేదనిపిస్తే అక్కర్లేదనే రాయండి." ఈసారి అరగంట పట్టింది. బయట వాన, లోపల చప్పుడు లేదు. అలా వచ్చిన నలభై మూడు చీటీలు ఇప్పుడు నా ముందున్నాయి. మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం అవే.

ఒక అమ్మాయి రాసింది: "మా అమ్మ కువైట్‌లో ఉందండీ. ఇంట్లో పిల్లలు ఇంగ్లిష్‌లో మాట్లాడతారంట. అమ్మకి రాదు. ఫోన్లో నన్ను అడుగుతుంది, ఈ మాటకి అర్థం ఏంటి అని. నాకూ రాదు. అమ్మకి చెప్పాలి."

ఒకడు: "ఫ్రీ ఫైర్ గేమ్‌లో అవతలోళ్లు తిడతారు. ఏం తిడుతున్నారో తెలీదు. తెలిస్తే మళ్లీ తిట్టాలి." వాడెవడో దస్తూరీ చూస్తే తెలిసిపోయింది. తెలియనట్టే ఉన్నాను.

ఒకమ్మాయి: "మా పిన్ని కూతురు రాజమండ్రి కాన్వెంట్. సెలవులకి వస్తే ఇంగ్లిష్‌లో మాట్లాడి నవ్వుతుంది. వచ్చే సంక్రాంతికి నేను కూడా మాట్లాడాలి." లక్ష్యానికి గడువు కూడా పెట్టుకుంది చూడండి.

ఇంకొక చీటీ చదివి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. "ట్రిపుల్ ఐటీ సీటు వస్తే ఇంట్లో పెళ్లి మాట ఎత్తరు. అక్కడ అన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్తారంట."

బ్యాంకులో ఫారం నింపమంటే నాన్న చుట్టూ చూడకుండా ఉండాలని ఒకడు. ఆర్మీ అని ముగ్గురు. ఫోన్లో కొరియా సీరియల్స్ కింద వచ్చే అక్షరాలు చదవడానికని ఒకమ్మాయి. "నాకు అక్కర్లేదు మాస్టారు. నేను మా నాన్న పడవ నడుపుతాను" అని ఒకడు. ఆ చీటీకి కూడా నా దగ్గర మిగతావాటితో సమానమైన విలువే ఉంది.

నలభై మూడు చీటీల్లో మార్కులు అన్న మాట రాసింది ఇద్దరే.

ఏటా పరీక్షల ముందు బడులకు మోటివేషన్ క్లాసు అని ఒకటి పెడతారు, మీకూ తెలిసే ఉంటుంది. ఒకాయన మైకు పట్టుకుని వస్తాడు. నువ్వు సాధించగలవు అంటాడు, పిల్లలచేత నేను సాధించగలను అని మూడుసార్లు అరిపిస్తాడు, చప్పట్లు కొట్టిస్తాడు. మర్నాడు మామూలే. ఆయన్ని తప్పుపట్టను, ఆయన పని ఆయనది. కానీ ఆకలి లేనివాడికి ఆకలి పుట్టించే మందు ఇస్తున్నామన్న మన ఆలోచనే తప్పు. వీళ్లకు ఆకలి దండిగా ఉంది. మనం పెట్టే అన్నం వాళ్ల ఆకలికి సరిపడేది కాదు.

ఇలాంటి ప్రశ్న అడిగిన మొదటివాణ్ణి నేను కాదు. 1972లో యాస్మీన్ లుక్మానీ అనే ఆవిడ బొంబాయిలో మరాఠీ మాతృభాషగా ఉన్న 60 మంది హైస్కూల్ అమ్మాయిలను ఇదే అడిగారు, వాళ్ల ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చో కూడా పరీక్షించారు. అప్పట్లో కెనడా నుంచి గార్డ్‌నర్, లాంబర్ట్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన మాటకు బాగా విలువ ఉండేది. ఒక భాష మాట్లాడే జనం మీద ఇష్టం, వాళ్లలో కలవాలనే కోరిక ఉంటే ఆ భాష బాగా వస్తుందనేది వాళ్ల మాట. బొంబాయి అమ్మాయిలకు దొరల్లో కలిసిపోవాలన్న కోరిక పెద్దగా లేదు. మంచి ఉద్యోగం కావాలి, బతుకు మెరుగుపడాలి. ఆ అవసరం గట్టిగా ఉన్నవాళ్లకే ఇంగ్లిష్ కూడా మెరుగ్గా వచ్చిందని లుక్మానీ తేల్చారు. బీఈడీ పుస్తకాల్లో ఇది రెండు లైన్లలో అయిపోతుంది. నాకు మాత్రం ఆ వాన రోజు తర్వాత అది రెండు లైన్ల సంగతి కాదనిపించింది. కాకపోతే "అవసరం" అన్న ఒక్క మాటలో అమ్మ ఫోను, పిన్ని కూతురి నవ్వు, పెళ్లి భయం, ఫ్రీ ఫైర్ తిట్లు అన్నీ కలిపి కుక్కేస్తే ఎలా?

నా సంగతే చెప్తాను. నేనూ తెలుగు మీడియమే. 1987లో మన దేశంలో వరల్డ్ కప్ జరిగినప్పుడు పదో తరగతి. రేడియోలో కామెంటరీ కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లిష్‌లో వచ్చేది. హిందీ వచ్చినప్పుడు అర్థమయ్యేది కొంత, ఇంగ్లిష్ వచ్చినప్పుడు అరుపులే అర్థమయ్యేవి. మర్నాడు పొద్దున్నే టీ కొట్టుకు వెళ్లి ఇంగ్లిష్ పేపర్లో ఆఖరి పేజీ పట్టుకునేవాణ్ణి. నిన్న విన్న మ్యాచే కాబట్టి ఏం జరిగిందో ముందే తెలుసు, మాటలకు అర్థం ఊహించడం తేలికయ్యేది. డిక్షనరీ లేదు. మా ఇంగ్లిష్ మాస్టారు గ్రామర్లో యాక్టివ్, పాసివ్ వాయిస్ మార్చమని వంద వాక్యాలు ఇచ్చేవారు, అవీ చేశాను. కానీ నాకు ఇంగ్లిష్ వచ్చింది ఆ టీ కొట్టు బల్ల మీదే. ఆ సంగతి పక్కనపెట్టి ఇరవై ఏడేళ్లు పిల్లలకు వాయిస్ మార్చడమే నేర్పాను. మిమ్మల్ని అనేముందు నన్ను నేను అనుకోవాలి కదా.

ఇక మన స్పాట్ సంగతి. పొద్దున ఇరవై పేపర్లు, మధ్యాహ్నం ఇరవై. ఒక ఏడాది నువ్వు చూసిన ఊరి గురించి స్నేహితుడికి ఉత్తరం రాయమని ఇచ్చారు. నా బండిల్స్‌లో దాదాపు అందరూ అరకు వెళ్లారు. అందరూ రైల్లో సొరంగాలు లెక్కపెట్టారు, అందరూ బొర్రా గుహలు చూశారు, అందరూ "వి ఎంజాయ్డ్ ఎ లాట్" అన్నారు. మొదట్లో "ఐ యామ్ ఫైన్ హియర్", చివర్లో "కన్వే మై రిగార్డ్స్ టు యువర్ పేరెంట్స్". ఆ ఏడాది అరకులో కాలు పెట్టడానికి చోటుండి ఉండదని పక్క బల్ల మేడమ్ అంటే అందరం నవ్వుకున్నాం. అందరూ ఒకే గైడులోంచి అరకు వెళ్లొచ్చారు మరి.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పేపరు వచ్చింది. ఏ జిల్లాదో తెలియదు. అందులో ఇలా ఉంది: "ఐ నాట్ సీ అరకు. ఐ సీ ఓన్లీ మై గ్రాండ్‌మదర్ విలేజ్. దేర్ వన్ వెల్. వాటర్ వెరీ స్వీట్. షీ గివ్ మీ వాటర్ ఇన్ స్మాల్ గ్లాస్. నౌ షీ డైడ్. నౌ ఐ నాట్ గో." అంతే. ఏడు ముక్కలు. గ్రామర్ చూస్తే ఒక్క వాక్యం నిలబడదు. కానీ ఆ రెండు రోజుల్లో నేను దిద్దిన పేపర్లలో ఇంగ్లిష్ భాషను వాడుకున్నది ఆ ఒక్క బిడ్డే. మిగతావాళ్లు వేరేవాళ్ల ఇంగ్లిష్‌ను మోసుకొచ్చి కాగితం మీద దించారు. నేను సగానికి పైనే మార్కులు వేశాను. చీఫ్ ఎగ్జామినర్ గారు చూసి, "మాస్టారూ, కీ ప్రకారం వెళ్లండి" అని తగ్గించారు. ఆయన తప్పేం లేదు. కీ అలాగే ఉంది. ఫార్మాట్‌కి ఇన్ని, గ్రామర్‌కి ఇన్ని అని ఉంది గానీ చిన్న గ్లాసుకి మార్కులు లేవు.

పిల్లల స్థాయి పడిపోయిందండీ, అలాంటి ప్రశ్నలు ఇస్తే ఫెయిలైపోతారు అంటారు. పిల్లల చదువు స్థాయి మీద సర్వేలు చేసే అసర్ సంస్థ 2023లో దేశంలో పల్లెటూళ్ల పిల్లలను, 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షిస్తే ఇంగ్లిష్ వాక్యం చదవగలిగినవాళ్లు 57.3 శాతం. చదవగలిగినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి దగ్గరగా అర్థం కూడా చెప్పారు. అంటే వాక్యం చదవడమే రాని పిల్లలు నూటికి నలభై మందికి పైన. వాళ్లలో చాలామందిచేత మేం పేజీడు ఉత్తరం రాయిస్తాం, నమ్ముతారా? బొమ్మ గీసినట్టు గీస్తారు. స్లో లెర్నర్స్ అని జాబితా రాసుకుని, సాయంత్రం స్పెషల్ క్లాసులో ఒక ఉత్తరం, ఒక డైరీ, ఒక సంభాషణ అరగదీస్తాం. ముప్పై అయిదు మార్కులు గట్టెక్కిస్తాం. ఫలితాల రోజు మా బడి పేరు పేపర్లో వస్తుంది. ఆ ముప్పై అయిదూ తెచ్చుకున్న అమ్మాయి కువైట్ నుంచి అమ్మ ఫోన్ చేసి ఒక మాట అర్థం అడిగితే మళ్లీ "నాకూ రాదు" అనే అంటుంది.

చీటీల్లో ఒకటి ఇప్పటిదాకా చెప్పలేదు. "మా నాన్న రొయ్యల చెరువు కాపలా. మందు డబ్బాల మీద అంతా ఇంగ్లిషే. ఒకసారి ఎక్కువ వేసేశాడని ఓనరు తిట్టాడు." రాసినవాడు తొమ్మిదో తరగతి. చివరి బెంచీ. రెండేళ్లలో నాతో "ప్రెజెంట్ సార్" తప్ప మాట్లాడలేదు. ఆ చీటీ చదివాక వారానికి చెరువు గట్టు మీద పడి ఉన్న ఖాళీ సంచులు నాలుగు కడిగించి క్లాసుకు తెప్పించాను. గుంపుకో సంచి. ఎకరానికి ఎంత, ఎప్పుడు వెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఈ మూడూ కనిపెట్టండి అన్నాను.

ఒక సంచి మీద "పర్ ఎకర్ పర్ మీటర్ డెప్త్" అని ఉంది. నేను చదివి, ఎకరానికి అని చెప్పి ఆగిపోయాను. మీటర్ లోతు సంగతి అక్కడెందుకొచ్చిందో నిజంగా నాకు తెలియదు. వాడు లేచాడు. "డెప్త్ అంటే లోతేనాండీ? మొన్న పాఠంలో డీప్ అని వచ్చింది కదండీ, అదేనాండీ?" అవునన్నాను. "అయితే నీళ్లు ఎక్కువుంటే మందు ఎక్కువ పడాలండీ. మా చెరువు మీటరు లోతు కూడా లేదండీ. మా నాన్న ఎకరం లెక్కే చూసేడండీ, లోతు చూడలేదు." అని కూర్చున్నాడు. క్లాసు క్లాసంతా వాడివైపు తిరిగింది. డీప్ నుంచి డెప్త్ ఎలా వచ్చిందో ఆ రోజు బోర్డు మీద రాసి చూపిస్తే, వైడ్ ఉంటే విడ్త్ ఉంటుందా అని వేరే పిల్ల అడిగింది. ఎవరైనా అడుగుతారా అని నేను పదేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రశ్న అది.

ఇందులో నా గొప్పేం లేదు. మన పక్కనే బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు గారు ఇదే దారిలో పని చేయించారు. గ్రామర్ పాఠం అని వేరే పెట్టకుండా రైళ్ల టైమ్ టేబుల్, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. మనసు అర్థం మీద ఉంటే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. దాని మీద ప్రపంచమంతా పుస్తకాలు రాసుకున్నారు. మన ప్రశ్నపత్రం దాకా మాత్రం అది రాలేదు.

సంచుల క్లాసు మూడు వారాలు నడిచింది. మందుల స్ట్రిప్పులు, బస్సు టిక్కెట్టు వెనక నిబంధనలు, ఫోన్ డబ్బా మీద వారంటీ. నాలుగో వారం పదో తరగతి పిల్లలే వచ్చి అడిగారు: "మాస్టారండీ, ఇవి పబ్లిక్‌లో వస్తాయాండీ?" రావన్నాను. "అయితే ఇంపార్టెంట్స్ చెప్పండి." అంతటితో సంచులు మూలకు వెళ్లాయి. హెడ్మాస్టరు గారు అడ్డుపడలేదు, అధికారులు అడ్డుపడలేదు. ఆపింది మీ పేపరు. పిల్లలకు ఏది ముఖ్యమో నేను ఎన్ని చెప్పినా, మీరు వంద మార్కులతో చెప్పిందే వాళ్లు వింటారు. అందుకే ఈ ఉత్తరం మంత్రిగారికి కాకుండా మీకు రాస్తున్నాను.

మీడియం గొడవలోకి నేను దిగను. 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత తల్లిదండ్రులను అడిగితే నూటికి 96 మంది ఇంగ్లిష్ మీడియమే కావాలన్నారని ప్రభుత్వం చెప్పింది. ఆ తల్లిదండ్రుల్లో మా ఊరివాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా కూతుర్ని నేనెక్కడ చదివించానో అడిగితే నేనూ నీళ్లు నమలాల్సిందే. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి, అవి మంచివే. 2023లో టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష వచ్చింది. అందులో పిల్లల చెవికి కూడా పరీక్ష ఉండేది. మర్నాటి ఏడాదికి అది పోయింది. ఒక్కొక్కటీ వస్తూ పోతూ ఉన్నాయి, మధ్యలో కదలకుండా ఉన్నది అరకు ఉత్తరం ఒక్కటే.

నేను కోరేది పెద్దదేం కాదు. రీడింగ్‌కి ఇచ్చే పేరాల్లో ఒకటైనా బతుకులోంచి తీసుకోండి. మందు చీటీ, బ్యాంకు ఫారం, రైలు టిక్కెట్టు, ఎరువు బస్తా, ఉద్యోగ ప్రకటన. ఏటా మార్చండి, గైడువాళ్లకు దొరక్కుండా. అది వస్తుందని తెలిస్తే చాలు, జూన్ నుంచే పిల్లలు సంచులు ఏరుకొస్తారు. ఉత్తరం ప్రశ్నను బట్టీకి లొంగకుండా ఇవ్వండి. "నువ్వు చూసిన ఊరు" అంటే అరకే వస్తుంది. "మీ ఇంట్లో పాడైన వస్తువు గురించి" అని అడగండి. తప్పుల తడకలే వస్తాయి, ఒప్పుకుంటాను. ఆ తప్పులకు మార్కులు కోసేముందు బిడ్డ చెప్పదలచుకున్నది మనకు అందిందా లేదా అన్నదానికి కీలో కొన్ని మార్కులు ఉంచండి. దిద్దడం కష్టమవుతుందని స్పాట్‌లో మావాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

మాట్లాడడానికి మార్కులు పెట్టమని అడగాలని ఎంతో ఉంది. సీబీఎస్‌ఈలో ఏఎస్‌ఎల్ పేరుతో వినడం, మాట్లాడడం చూస్తున్నారు. కానీ ఇంటర్నల్ అంటే ఇరవైకి ఇరవై వేసేసుకున్న చరిత్ర మనది, అందుకే కదా ఆ మార్కులు ఎత్తేశారు. కాబట్టి దాని గురించి గట్టిగా అడగలేకపోతున్నాను. పక్క మండలం మాస్టారు వచ్చి ఒక్కో పిల్లతో మూడు నిమిషాలు మాట్లాడి మార్కులు వేసే పద్ధతి, ఇంటర్ ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ వచ్చినట్టు, కుదురుతుందేమో మీరే ఆలోచించండి. ఆ మూడు నిమిషాల కోసం పిల్లలు ఏడాదంతా నోరు తెరుస్తారు. మా పడవ పిల్లాడు కూడా.

ఇంకొక్క చిన్న విషయం. పరీక్షలో పిల్లలు సొంత పేరు వెయ్యకూడదు గనక ఉత్తరం కింద ఎక్స్ ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని రాయిస్తున్నాం. రహస్యం కోసమే, అర్థమైంది. కానీ ప్రశ్నలోనే ఏదో ఒక పేరిచ్చి, నువ్వే రాణివి, నువ్వే రాజువి అనుకుని రాయమనొచ్చు కదా. బావి నీళ్ల గురించి రాసిన బిడ్డ ఉత్తరం కింద కూడా నాలుగు ఎక్స్‌లే ఉన్నాయి. ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియలేదు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక ఇంగ్లిష్ మాస్టారు